కడిగిన పిండి

ఈ వేసవి సెలవుల్లో మా ఇంటికి ఒక ఆడపిల్ల వచ్చింది. ఆరో తరగతి పరీక్షలు రాసి, వాళ్లమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా సంకన పెట్టుకుని, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగింది.

"వదినా, మా నాయనకు మీ అమ్మ వండిపెట్టిందట గద, గోధుమపిండితోటి మేకకూర. అది నాకు నేర్పుతవా?"

ఎండన పడి వచ్చావు, ముందు మంచినీళ్లు తాగమన్నాను.

ఆమె పుట్టేనాటికి వాళ్ల నాయన దోహాలో ఉన్నాడు. చిన్నపిల్లగా నేనూ అక్కడే ఉన్నాను. ఆయన ఈ పిల్లను చూడలేదు, ఈ పిల్ల ఆయనను చూడలేదు. వాళ్లిద్దరి మధ్యా ఉన్నది ఒక మొక్కు మాత్రమే. ఆ మొక్కుకు నేను సాక్షిని. ఎందుకు సాక్షినయ్యానో ఆ రాత పెట్టిన దేవుడికే తెలియాలి. నా మట్టుకు నేను, బతికి ఉండి ఇది రాయగలుగుతున్నందుకు ఆయనకు దండం పెట్టుకుని మొదలుపెడతాను.

మేము దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక పాత విల్లా వెనకభాగంలో ఉండేవాళ్లం. విల్లా అంటే బంగళా అనుకునేరు. ఒక్క ఇంటిని చెక్కగోడలతో ముక్కలు చేసి, ముక్కకొక కుటుంబానికి అద్దెకిచ్చారు. అవతలివాళ్లు దగ్గితే మాకు మెలకువ వచ్చేది. మా ముక్కకు ఉన్న ఒకే వరం, మేడ మీదికి పోయే ఇనుప మెట్లు.

ప్రపంచకప్పు ఆటలు ఆ దేశంలో జరుగుతాయని తేలిన తరువాతి కాలం అది. ఊరిని కుట్లు విప్పి మళ్లీ కుడుతున్నట్టు ఉండేది. మా సందు చివర సగం కూల్చిన ఇళ్లు వరసగా నిలబడి ఉండేవి. ఒక ఇంటికి ముందు గోడ మొత్తం పోయి, పై అంతస్తులో గులాబీరంగు గది ఒకటి ఆకాశంలోకి తెరుచుకుని మిగిలింది. దాని వెనక గోడకు ఎవరిదో అద్దం అలాగే వేలాడుతుండేది. పొద్దు వాలేటప్పుడు ఆ అద్దంలో క్రేన్లు కనిపించేవి. చలికాలం పొద్దున్నే మంచు కమ్మితే సందంతా మాయమై, ఆ గది ఒక్కటే గాలిలో తేలుతున్నట్టుండేది. నేను అటు చూడకుండా పళ్లు తోముకునేదాన్ని. చూడకూడదు అనుకుంటూనే చూసేదాన్ని.

నాకు బళ్లో సీటు దొరకలేదు. అమ్మే చదువు చెప్పింది. పళ్లెంలో పిండి పలచగా పరిచి వేలితో అక్షరాలు రాయించేది. తప్పు రాస్తే ఏమీ అనేది కాదు, పళ్లెం ఒక్కసారి ఊపేది. అక్షరం పోయి తెల్లగా మిగిలేది. పిండిలో మాటలుంటాయని, పైకి కనిపించకపోయినా లోపల ఉంటాయని నాకు అప్పుడే నాటుకుంది.

మా ఇంట్లో మాంసం వండేవారు కాదు. పుట్టుకతో తిననివాళ్లమేమీ కాదు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు జ్వరం తలకెక్కి, కళ్లు తేలేసి, చల్లబడిపోయానట. ఈ పిల్లను బతికిస్తే నా చేతితో ముక్క వండనని అమ్మ నర్సింహస్వామికి మొక్కింది. నేను బతికాను. ఇంట్లో ముక్క ఆగిపోయింది. నాన్న ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆ ఇద్దరికీ నేను ఎన్ని జన్మలు రుణపడి ఉన్నానో లెక్క తేలదు.

నాన్న ఒక కంపెనీలో స్టోర్‌కీపర్. శుక్రవారం సెలవునాడు పనివాళ్ల క్యాంప్ నుంచి మా వైపు మనుషులు ముగ్గురు నలుగురు అన్నానికి వచ్చేవారు. వాళ్లలో ముఖ్యుడు మా మామ. రక్తసంబంధం లేదు. మా అమ్మను అక్కా అనేవాడు గనుక నాకు మామ. స్టేడియం సైట్‌లో ఇనుప రాడ్లు కట్టే పని. ఆయనతో వచ్చే పెద్దమనిషి మేస్త్రీ తాత, గోడలు కట్టేవాడు. ఇంకొకాయన గోదావరి వైపు నుంచి వచ్చి ఒక అరబ్బు ఇంట్లో కారు నడిపేవాడు. నాకు డ్రైవర్ బాబాయి.

మామకు మాంసమంటే ప్రాణం. మా ఇంట పప్పు, చారు తిని లేచేటప్పుడు మర్యాదకు బాగుందనేవాడు గానీ కళ్లు గిన్నెల మీద వెతుకుతుండేవి.

"అక్కా, నీ పప్పు అమృతమే. గని అమృతంల ఎముక లేకపాయె."

ఒక శుక్రవారం అమ్మ గోధుమ హల్వా చేసింది. హల్వాకు పిండిముద్దను నీళ్లలో పిసికి పాలు తీయాలి. పాలు పోగా చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. ఊళ్లో అయితే దాన్ని గేదె కుడితిలో వేస్తారు. అక్కడ గేదె లేదు, అమ్మకు పారేసే అలవాటూ లేదు. ముక్కలు చీల్చి నూనెలో వేయించి, మసాలా కూరలో పడేసింది.

మామ ఒక ముద్ద తిని ఆగిపోయాడు. తల ఎత్తి అమ్మను చూశాడు.

"అక్కా, మొక్కు తప్పినవా ఏంది?"

"ఏం తప్పలే. తిను."

"ఇది మేక."

"మేక గాదు తమ్మీ, గోధుమ."

"గోధుమలకు నరాలుంటయా?"

డ్రైవర్ బాబాయి పళ్లెం మీదికి వంగి ఒక ముక్కను రెండు వేళ్లతో చీల్చి వెలుతురుకు పట్టాడు. "మావైపు పనసకాయనీ కందనీ మాంసంలా వండుతారండీ వదినగారూ. కానీ పిండికి ప్రాణం పోసినవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ముద్దను అమ్మతో కలిసి కడిగినదాన్ని నేనే గదా.

ఆ కడగడం సంగతి చెప్పాలి. పిండిని ఉప్పు వేసి గట్టిగా కలిపి, ముద్దను నీళ్లలో మునిగేట్టు పెట్టాలి. నానాక ఆ నీళ్లలోనే పిసుకుతూ కడగాలి. నీళ్లు పాలలా అవుతాయి. ఆ నీళ్లు పక్కన పెట్టి, మళ్లీ కొత్త నీళ్లు పోసి మళ్లీ కడగాలి. ముద్ద చితికి, విడిపోయి, ఇక చేతిలో ఏమీ మిగలదని దిగులు పడే సమయానికి అది ఎవరో పిలిచినట్టు మళ్లీ ఒక్కటవుతుంది. సాగదీస్తే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. వేళ్ల మధ్య పట్టుకుంటే లోపల ఏదో కొట్టుకుంటుంది. అది నీ వేళ్లలోని నెత్తురే అని అమ్మ చెప్పింది. నేను నమ్మాను, సగమే.

తరువాతి వారాల్లో అమ్మ చెయ్యి తిరిగింది. ఆ ముద్దలో ఉడికించి రుబ్బిన బొబ్బర్లు, బీట్‌రూట్ రసం, మిరియాలు, అల్లం వెల్లుల్లి పిసికి, బట్టలో మూటకట్టి ఆవిరి మీద ఉడికించేది. చల్లారాక కత్తి తగలనిచ్చేది కాదు. పోగు ఎటు పోతే అటు వేళ్లతో చీల్చాలి. ఎండుకొబ్బరి, ధనియాలు, లవంగాలు వేయించి నూరేది. గసగసాలు ఆ దేశంలోకి తేగూడదు గనుక నువ్వులు వేసేది. అక్కడ దొరికే నల్లటి ఎండు నిమ్మకాయ ఒకటి పొడిచి పులుసులో వదిలేది. గోడ అవతలి నుంచి ఎవరో ఒకరు గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించేది. మాంసం లేని ఇంట్లో మాంసం వాసన. దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించి కూర్చుంటే నాకు ఆ రెండు వాసనలూ కలిసిపోయి వెన్ను జలదరించేది.

మేడ మీద ఒక బూడిదరంగు పిల్లి ఉండేది, ఒక చెవి సగం తెగింది. మామ దానికి ఒక ముక్క విసిరేవాడు. అది వాసన చూసి, మామ ముఖం చూసి, తోక ఎత్తుకుని వెళ్లిపోయేది.

"సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ పాస్ జేసిండు. కల్తీ లేదు, అసలు పిండే," అనేవాడు మామ.

అంత నవ్వించే మనిషి ఒక శుక్రవారం వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పళ్లెం ముట్టలేదు. రెండు కడుపులు పోయాక ఆయన భార్యకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. పాలు తాగుతలేదట.

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. నేను పళ్లెంలో పిండి పరిచి ఏదో రాసుకుంటున్నాను.

"అక్కా, ఈ పిల్ల మొక్కు మీదనే గద బతికింది?"

"స్వామి దయ తమ్మీ."

మామ లేచి కాళ్లు చేతులు కడుక్కుని వచ్చి, మా దేవుడి పటం ముందు నిలబడి, పటంలో లేని తన ఊరి పోశమ్మకు మొక్కాడు. బిడ్డ బతికితే ఇంటికి వచ్చి మేకపోతును ఇస్తానన్నాడు. తన చేతితో బిడ్డ నోట్లో ముద్ద పెట్టినంకనే ముక్క ముడతానన్నాడు.

"అప్పటిదాక ముట్ట తల్లీ. ముడితే నా బిడ్డ నాది గాదు."

ఆ చివరి మాట విని అమ్మ చప్పున తల తిప్పింది. అంత మాట అనకూడదు. కానీ అప్పటికే అనేశాడు.

డ్రైవర్ బాబాయి మాత్రం ఊరుకోలేదు. "మెస్సులో చికెన్ వాసన తగిలితే క్యూలో ముందు నిలబడే మనిషివి. వారం తిరక్కుండా పోశమ్మకి సారీ చెప్తావు చూడు."

"నీ అసొంటోడు సూస్తుండనే మొక్కిన. నువ్వే సాక్షి."

వారం తిరిగేలోగా బిడ్డ పాలు పట్టింది. ఆ తరువాత పెట్టె లోంచి తీసి తల్లి పక్కన వేశారు. మామ మెస్సులో పచ్చడితో, లబన్ మజ్జిగతో తింటూ మాట నిలుపుకున్నాడు. మా ఇంట పిండికూర ఒక్కటే ఆయన నాలుకకు మిగిలింది. కానీ ఇప్పుడు అది తినడానికి భయపడ్డాడు. అంత మాంసంలా ఉండడమే ఆయనకు భయం. అందుకని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు.

"కోడలా, ఏంది ఇది?"

"పిండే మామా."

"ఎవరు కడిగిండ్రు?"

"నేనే కడిగిన."

అప్పుడు తినేవాడు. ఒక్కనాడూ ఆ రెండు ప్రశ్నలు అడగకుండా ముద్ద ఎత్తలేదు. మొక్కుతో బతికిన పిల్ల మాట గనుక ఆయనకు అది చాలు. నేనూ అందుకే పొద్దున్నే లేచి, చేతులు మొద్దుబారినా, ఆ చన్నీళ్లలో నేనే కడిగేదాన్ని. అబద్ధం ఆడకూడదు గదా.

చివరి శుక్రవారం ఆయన స్టేడియం గురించి చెప్పాడు. ఇనుప వాసాలు వంచి నిలబెట్టారట, లోపల నిలబడి తలెత్తితే చచ్చిపడిన పెద్ద జంతువు పక్కటెముకల నడుమ ఉన్నట్టుంటుందట.

"మేకను ఒలిచి తోరణం గట్టినట్టే ఉంటది కోడలా. గంత పెద్ద మేక. నడుమ నేను చీమ లెక్క." నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. "అక్కా, ఒక మాట. కలల తింటె మొక్కు చెడుతదా?"

"ఏం కల?"

"రోజు ఒక్కటే. ఎవరో చీకట్ల నోట్లె ముద్ద వెడుతరు. ముక్కనో పిండో తెల్వది. అడుగుదామంటే నోరు నిండుగుంటది. లేచినంక గూడ నోట్లె రుచి ఉంటది."

"కలల తిన్నది కడుపుల పడదు తమ్మీ. భయం పెట్టుకోకు," అంది అమ్మ. అని, దేవుడి దగ్గరి బొట్టు తీసుకొచ్చి ఆయన నుదుట పెట్టింది.

నాలుగు రోజులు గడవకముందే మామ డ్యూటీకి లేవలేదు. పక్క మంచం మనిషి భుజం పట్టి ఊపితే చల్లగా తగిలిందట. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. శవాన్ని ఆస్పత్రి మార్చురీలో ఉంచారు. ఊరికి పంపే కాగితాలు ఎప్పటికి తేలుతాయో ఎవరికీ తెలియదు.

మేస్త్రీ తాత, డ్రైవర్ బాబాయి ఇంటికి వచ్చారు. ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి కూడా ఏదో అడ్డం ఉన్నట్టు కూర్చున్నారు. తాత చెప్పాడు. క్యాంప్ గదిలో మామ సామాను పెట్టెకు కంపెనీవాళ్లు తాళం వేసి సీలు వేశారు. ఫోను అందులోనే ఉండిపోయింది. డ్యూటీకి లేచే అలారం రోజూ పొద్దున్నే పెట్టె లోపల మోగుతోంది.

"ఛార్జింగ్ అయిపోతే అదే ఆగుతది అనుకున్నం. వాని ఫోను సగం పూట గూడ నిలిచేది గాదు బిడ్డా. ఇంక మోగుతనే ఉన్నది. రూముల ఎవరూ పండుకుంటలేరు."

ఊరి నుంచి వచ్చిన ఫోను అంతకన్నా చెడ్డది. బిడ్డ మళ్లీ పాలు పట్టడం మానేసింది. ఒళ్లు కాలిపోతోంది. మామ అత్తగారు నాన్నతో మాట్లాడింది. స్పీకర్‌లో ఆ ముసలామె గొంతు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"దుబాయ్‌ల వాడు ఆకలి మీద పోయిండు కొడుకా. పొల్ల సుట్టే తిరుగుతుండు. పీనుగ వచ్చేదాక ఆగితే పొల్ల దక్కది. ఆడ్నే పిట్టకు పెట్టుండ్రి."

ఆమెకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. మా వైపు మనిషి పోతే మూడోనాడు ఆయనకు ఇష్టమైనవి వండి పిట్టకు పెడతారు. పిట్ట ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే ఏదో దిగులు మిగిలినట్టు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఆ దిగులేదో ఊహించి, ఒక్కొక్కరుగా మాట ఇస్తారు. అది తగిలినప్పుడు పిట్ట వస్తుంది.

"మటన్ నేను తెస్తాను. మా అరబ్బు కఫీల్ ఇంటి వెనకే షాపు. కూర క్యాంపులో వండిద్దాం," అన్నాడు డ్రైవర్ బాబాయి.

"మటన్ వద్దు," అంది అమ్మ.

మేస్త్రీ తాత నచ్చజెప్పాడు. "వాడు దానికే పాణమిచ్చేటోడు బిడ్డా. ఇష్టమైంది పెట్టకపోతే పిట్ట ముడుతదా? పోయినోనికి ఇంక మొక్కేంది?"

"మొక్కింది వాడే. గని ఆ మొక్కు మీద బతుకుతున్నది పొల్ల. ముడితే నా బిడ్డ నాది గాదు అన్నడు, ఈ ఇంట్లనే అన్నడు. వాని నోట్లె ముక్క వెడితె పొల్ల నోట్లె మన్ను వోసినట్టే."

"మరి కూరగాయలు పెడితే? పప్పు పెడితే వస్తాడా?" అడిగాడు డ్రైవర్ బాబాయి.

"పప్పుకు రాడు," అన్నాడు తాత నిదానంగా. అప్పుడు అందరూ ఒకేసారి మా వంటగది వైపు చూశారు. మాంసం కానిది, మాంసమంత ఇష్టమైనది ఆయనకు ఒక్కటే ఉంది.

మర్నాడు పొద్దున్న మంచు బాగా దిగింది. కిటికీ అవతల ఏమీ లేదు, తెల్లదనం తప్ప. నేను స్నానం చేసి వచ్చి ముద్దను నీళ్లలోకి దించాను. అమ్మ పక్కన కూర్చుని నామం చదువుతూ నీళ్లు మారుస్తోంది. ఆవేళ నీళ్లు తేటపడలేదు. ఎంత కడిగినా పాలే, మళ్లీ పాలే. నా వేళ్లు చలికి కట్టెలైపోయాయి. ముద్ద విడిపోయి గిన్నె అడుగున ఎక్కడుందో కూడా తెలియడం లేదు. రెండు చేతులూ ముంచి వెతుకుతుంటే అది తనంతట తానే అరచేతిలోకి వచ్చి చేరింది. వెచ్చగా ఉంది. ఐసులాంటి నీళ్లలో ఉన్న పిండి, చంటిపిల్ల ఒళ్లులా వెచ్చగా ఉంది.

నేను అమ్మ ముఖం చూశాను. అమ్మ కూడా చెయ్యి పెట్టి చూసింది. నామం ఆపలేదు. కళ్లతోనే కానివ్వమంది. నీళ్లు ఒక్కసారిగా తేటపడ్డాయి.

మధ్యాహ్నానికి మంచు విడిచి పలచని ఎండ వచ్చింది. మేడ మీద అరటాకు వేసి, అన్నం కుప్పగా పోసి, పక్కన పిండికూర పెట్టారు. ఆయనకు ఇష్టమైన లబన్ డబ్బా, ఒక బీడీ పెట్టారు. అందరం మెట్ల దగ్గరికి జరిగి నిలబడ్డాం.

ఆ సందులో నేను కాకిని ఎన్నడూ చూడలేదు. పావురాలు, గోరింకలు మాత్రం రోజూ గోలగోలగా ఉండేవి. ఆవేళ అవీ లేవు. ఎదుటి వైర్ల మీద ఒక్క పిట్ట లేదు. ఎక్కడో డ్రిల్లింగ్ చప్పుడు వస్తూ వస్తూ ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే, అన్నం మీద ఆవిరి పోవడం వినిపిస్తుందేమో అనిపించింది.

వచ్చింది పిల్లి. ఆ తెగిన చెవి పిల్లి. ఆకు ముందుకు వచ్చి కూర్చుంది. తినలేదు, పోలేదు. మామ కూర్చున్నట్టే వెనక్కి ఆనుకున్నట్టు కూర్చుని ఆకు వైపు చూస్తోంది. బాబాయి చెప్పు తీసి ఎత్తాడు. తాత ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

నాన్న ముందుగా మాట ఇచ్చాడు. "తమ్మీ, నీ పెట్టె ఎవరూ తెరవరు. ఎట్లున్నదట్ల ఇంటికి పంపుతం."

పిట్ట రాలేదు.

"నీ బిడ్డను సదివిస్తం. మా అందరి బిడ్డ అది. నేను సెలవు మీద పోయినప్పుడు నీ మేకపోతును పోశమ్మకు నేనే ఇస్త," అన్నాడు తాత.

పిట్ట రాలేదు.

డ్రైవర్ బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, నిన్ను ఎగతాళి చేశాను. వారం కూడా ఆగలేవన్నాను. ఆగావు. నువ్వు నాకంటే గట్టివాడివి. కోపం పెట్టుకోకురా." అంతవరకూ ఏడవని మనిషి గోడ వైపు తిరిగాడు.

అయినా రాలేదు. ఎండ ఆకు మీద నుంచి జరిగిపోతోంది. నాన్న జేబులో ఫోను మోగింది, ఊరి నుంచి. నాన్న ఎత్తలేదు. ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నాకు తట్టింది. ఆయన తినకపోవడానికి కారణం దిగులు కాదు, కోపం కాదు. ఆయన ముందు ఆకు వేశారు, కూర పెట్టారు, అందరూ ఏదేదో చెప్తున్నారు. ఆయన అడిగే రెండు ప్రశ్నలకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. నోరు నిండుగా ఉన్న కలలోలాగా, అడగలేక కూర్చున్నాడు.

నేను ముందుకు నడిచాను. నాన్న పిలిచాడు గానీ ఆగలేదు. పిల్లికి ఎదురుగా, ఆకుకు ఇటువైపు, ప్రతి శుక్రవారం కూర్చునేలాగే కూర్చున్నాను.

"పిండే మామా," అన్నాను. "నేనే కడిగిన."

పిల్లి నా ముఖంలోకి చూసింది. లేచి, ఒళ్లు విరుచుకుని, తోక ఎత్తుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

అది పోయిన కాసేపటికే పిట్ట వాలింది. ఒంటరి గోరింక. గోరింకలు జంటగా తిరుగుతాయి. ఇది ఒక్కటే వచ్చింది. అన్నం మీదుగా గెంతి, అన్నం ముట్టకుండా, కూరలోంచి ఒక ముక్కను ముక్కున కరుచుకుంది. తల పక్కకు వాల్చి నన్ను ఒక కంటితో చూసింది. ఎగిరి నేరుగా సందు చివర గులాబీరంగు గదిలోకి వెళ్లింది. ఆ గదికి ఒకటే దారి, గోడ లేని వైపు. నేను పొద్దు వాలేదాకా అటే చూశాను. అద్దంలో క్రేన్లు కనిపించాయి. పిట్ట బయటికి రాలేదు. మర్నాడు యంత్రం వచ్చి ఆ గదిని కూల్చేసింది.

"కాకి గాదు గద," అన్నారెవరో పిట్ట ఎగిరిపోగానే, గొణుగుతూ.

"వానికి తెల్సిన పిట్ట వచ్చింది. వచ్చిందే చాలు," అన్నాడు మేస్త్రీ తాత. మోకాళ్ల మీద కూర్చుని ఆకుకు దండం పెట్టాడు.

నాన్న ఊరికి ఫోను చేశాడు. ముసలామె ఏడుస్తూ ఎత్తింది. ఆ ఏడుపు విని అందరం బిగుసుకుపోయాం. తరువాత మాటలు అర్థమయ్యాయి.

"ఇప్పుడే కొడుకా. ఇప్పుడే పాలు పట్టింది."

ఆ మర్నాడు పెట్టెలో అలారం మోగలేదని తాత చెప్పాడు. మరికొన్నాళ్లకు మామ ఇంటికి చేరాడు. ఆ తరువాత మేమూ వచ్చేశాం. ఆ విల్లా, ఆ సందు ఇప్పుడు లేవంటారు. ఆటలు జరిగినప్పుడు టీవీలో ఆ స్టేడియం చూపించారు. తళతళా మెరుస్తోంది. పక్కటెముకలు కనపడకుండా కప్పేశారు. అమ్మ టీవీకి కూడా దండం పెట్టింది. నేను లోపల నిలబడిన చీమను వెతుకుతూ కూర్చున్నాను.

మేస్త్రీ తాత మాట ప్రకారం మేకపోతును ఇచ్చాడు. కానీ బిడ్డ నోట్లో ముద్ద పెట్టాల్సిన చెయ్యి లేదు. ఆ సగం మొక్కు అలాగే ఉంది. ఆ పిల్ల పుట్టి ఇంతవరకు మాంసం ముట్టలేదట. ఎవరూ వద్దనలేదు. నోటి దాకా వస్తే ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుందని తనే చెప్పింది.

మొన్న ఆమెతోనే పిండి కడిగించాను. నేను నీళ్లు మార్చాను. ముద్ద విడిపోతుంటే కంగారు పడింది. ఓపిక పట్టు, అదే వస్తుందన్నాను. వచ్చింది. నవ్వుతూ నాకు చూపించింది. నవ్వితే అచ్చం వాళ్ల నాయనే.

కూర దించేసరికి మధ్యాహ్నమైంది. మా ఆయన పనికి వెళ్లారు. ఇంట్లో మేమిద్దరమే. ఈ కూర వండిననాడు మొదటి ముక్కను కిటికీ గట్టు మీద పెట్టడం నా అలవాటు. ఆ పిల్లతో పెట్టించాను. ఎందుకో చెప్పలేదు. మామ అడిగే ప్రశ్నల సంగతి, నా జవాబు సంగతి అసలే చెప్పలేదు. చిన్నపిల్ల, భయపడుతుందని. పళ్లాలు తేవడానికి లోపలికి వెళ్లాను.

వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది, మామూలుగా, ఎవరికో జవాబు చెప్తున్నట్టు.

"పిండే. నేనే కడిగిన."

పళ్లాలు పట్టుకుని గడపలోనే నిలబడిపోయాను. "ఎవరితోటి అన్నవ్?"

ఆ పిల్ల తిరిగి చూసింది. "నువ్వే గద వదినా అడిగినవ్, ఎవరు కడిగిండ్రని?"

నేను అడగలేదు.

"ఔను, నేనే అడిగిన," అన్నాను. పళ్లెంలో అన్నం పెట్టి, కూర వేసి, ఆమె ముందుకు జరిపాను. ఆమె మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటుంటే నేను కిటికీ వైపు చూడలేదు. చూడవలసిన పని లేదు. మనసులోనే దండం పెట్టుకుని, ఆమె తినడం చూస్తూ కూర్చున్నాను.